మొదటి సర్‌ప్లస్ రైఫిల్: 600 డాలర్లలో మోసిన్ తీసుకోవాలా, వేరే ఏదైనానా?

కొత్త_కలెక్టర్
టెక్సస్‌లో ఉంటా, గ్రీన్ కార్డ్ ఉంది. పాత సైనిక రైఫిల్ ఒకటి కొని మొదలుపెడదామని. బడ్జెట్ 600 డాలర్లు, మొదటి రెండు డబ్బాల తూటాలు కూడా అందులోనే రావాలి. ఎక్కడ చదివినా "మొదటిది మోసిన్ నాగాంత్ 91/30, అన్నిటికంటే చవక" అంటున్నారు. దగ్గర్లో షాపులో 1943 లో ఇజెవ్స్క్ ఫ్యాక్టరీలో చేసినది ఒకటి ఉంది, 430 చెప్తున్నాడు. గోడకి తగిలించడానికి కాదు, నెలకోసారి రేంజ్‌లో 20 రౌండ్లైనా కాల్చాలి. 430 న్యాయమైన ధరేనా? తెలిసినవాళ్ళు చూడగానే ముందు ఏం చూస్తారు?

నాగాంత్_నారాయణ
"మోసిన్ చవక" అనే మాట 2010 నాటిది. అప్పుడు రైఫిల్ వంద డాలర్లకి అటూ ఇటూ దొరికేది, 440 రౌండ్ల సీలు వేసిన రేకు డబ్బా కూడా దాదాపు అంతే. రైఫిలూ చవక, తూటా కూడా చవక, అందుకే ఆ పేరు వచ్చింది. ఇప్పుడు రెండూ లేవు. రష్యా తూటాలకి కొత్త దిగుమతి పర్మిట్లు 2021 సెప్టెంబర్ నుంచి ఆపేశారు. సెర్బియా ప్రివి పార్టిజాన్ కంపెనీ వాళ్ళ కొత్త 7.62×54ఆర్ (మోసిన్ వాడే) తూటా ఒక్కోటి డాలరు దాటుతోంది.

నాకు మోసిన్ అంటే ప్రాణం, అయినా చెప్తున్నా. 430 కి బోర్ (బారెల్ లోపలి గొట్టం) మెరుస్తుంటే తీసుకోండి. బోర్ ముదురుగా, గుంటలు పడి ఉంటే 250 కి కూడా వద్దు. 1943 వి యుద్ధం నడుమ హడావుడిగా చేసినవి, రిసీవర్ (బోల్టు ఇమిడే ఇనుప గూడు) మీద మెషీన్ గీతలు కనిపిస్తాయి. అవి బలహీనత కాదు. ఆ గరుకుతనమే ఆ ఏడాది చరిత్ర.

గోదావరి_గురి
నేను ఒప్పుకోను నారాయణ గారూ. కొత్తవాళ్ళకి మోసిన్ చెప్పడం ఇక మానేయాలి. సేఫ్టీ వేయాలంటే వెనక గుండ్రటి ముక్కని గట్టిగా లాగి తిప్పాలి, కొత్త చెయ్యికి జారిపోతుంది. బోల్టు (తూటాని లోపలికి తోసి మూసే కడ్డీ) పట్టేస్తుంది. 430 పెడుతున్నప్పుడు ఇంకొంచెం వేసుకుంటే యుగోస్లావ్ ఎం48 వస్తుంది. మౌజర్ యాక్షన్ (బోల్టు, రిసీవర్ కలిసిన యంత్రాంగం), ఎక్కువ వాడని బోర్, నంబర్లు కలిసినవి (భాగాలన్నిటి మీదా ఒకే సీరియల్ నంబరు) ఇప్పటికీ దొరుకుతున్నాయి.

న్యూజెర్సీ_సత్తి
ముందు ఒక మాట. పోస్టు పెట్టినతనికి గ్రీన్ కార్డ్ ఉంది కాబట్టి దారి తెరిచే ఉంది. ఇది చదివే హెచ్‌1బీ, హెచ్‌4, ఎఫ్‌1 వాళ్ళకి మాత్రం లేదు. ఫెడరల్ చట్టం ప్రకారం నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదు. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. రేంజ్‌లో అద్దెకి తీసుకుని కాల్చినా అది "దగ్గర ఉండటం" కిందికే వస్తుంది. స్నేహితుడి పేరు మీద కొనిపించుకోవడం విడిగా ఇంకో నేరం. షాపులో నింపే 4473 ఫారంలో అసలు కొనేది ఎవరు అన్నదే మొదట్లో అడుగుతారు. అక్కడ అబద్ధం రాస్తే ఇద్దరూ ఇరుక్కుంటారు. గ్రీన్ కార్డ్ దరఖాస్తు నడుస్తున్నవాళ్ళు లాయర్ని అడగకుండా ఒక్క అడుగు కూడా వేయకండి.

కొత్త_కలెక్టర్
సత్తి గారూ, మా ఆవిడ ఇంకా హెచ్‌4 మీదే ఉంది. ఇంట్లో పెడితే ఇబ్బందా?

న్యూజెర్సీ_సత్తి
కొన్నది మీరు, వాడేది మీరు అయితే ఇబ్బంది రాకూడదు. కానీ తాళం ఆవిడ చేతిలో ఉండకూడదు. తాళమున్న ఇనుప బీరువా, అంకెల కోడ్ మీకొక్కరికే తెలియాలి. తూటాలు కూడా అందులోనే. ఈ ఖర్చు 600 లో కలపలేదు మీరు. దీని మీద కూడా లాయర్‌తో ఒకసారి మాట్లాడండి, మీ రాష్ట్రం సంగతి వేరుగా ఉండొచ్చు.

బోల్ట్_బాబాయ్
ఏం చూడాలి అని అడిగాడు గదా పిల్లోడు, పేర్ల మీద కొట్టుకోవడం తర్వాత. నేను చూసే వరస ఇది.

ముందు అడిగి బోల్టు తీయి. చాంబర్ (తూటా కూర్చునే గది) ఖాళీ అని కళ్ళతో చూడు, వేలితో కూడా తడుము. షాపువాడు చూశానన్నా సరే.

తర్వాత బోర్. చిన్న ఎల్ఈడీ లైటు చాంబర్ వైపు పెట్టి మూతి వైపు నుంచి చూడు. లోపల గాళ్ళు అంచులు పదునుగా కనపడాలి. మసకగా మంచు పట్టినట్టుంటే పర్వాలేదు, చాలాసార్లు పాత గ్రీజూ రాగి మరకలే. నల్లటి గుంటలు వరసగా ఉంటే తుప్పు తిన్నదని. అనుమానముంటే "ఒక తడి ప్యాచ్, ఒక పొడి ప్యాచ్ (బోర్ తుడిచే గుడ్డ ముక్క) తోయనిస్తారా" అని అడుగు. ఒప్పుకోకపోతే ఏదో దాస్తున్నాడనే లెక్క.

మూడోది మూతి అంచు, క్రౌన్. సైనికులు ఇనుప కడ్డీతో మూతి వైపు నుంచే తుడిచేవాళ్ళు, ఆ అంచు ఒక పక్క కోడిగుడ్డులా అరుగుతుంది. విడి బుల్లెట్ ఒకటి (తూటా కాదు, మందు లేని బుల్లెట్ మాత్రమే) జేబులో పెట్టుకెళ్ళి మూతిలో పెట్టి చూడు. దాదాపు మొత్తం దిగిపోతే అరిగిందని. కొంత భాగం బయటే ఉండాలి.

ఆ తర్వాతే నంబర్లు. బోల్టు, రిసీవర్ (మోసిన్‌కైతే బారెల్ మొదలు), కింద ఫ్లోర్‌ప్లేట్ (మ్యాగజైన్ అడుగు పలక), స్టాక్ (కర్ర). బోల్టు నంబరు వేరైతే హెడ్‌స్పేస్ (బోల్టు ముఖానికీ చాంబర్‌లో తూటా ఆగే చోటుకీ మధ్య దూరం) గేజ్ పెట్టించకుండా కాల్చొద్దు.

చివర్లో కర్ర. టాంగ్ (రిసీవర్ వెనక తోక) వెనకాల, మ్యాగజైన్ (తూటాల గూడు) ముందు, బట్ ప్లేట్ (కర్ర వెనక చివరి ఇనుప పలక) అంచుల దగ్గర పగుళ్ళు. ఇసుక కాగితం పెట్టి రుద్దారా అన్నది కూడా చూడు. పదునైన అంచులు గుండ్రంగా మారి, ముద్రలు లోతు తగ్గి ఉంటే రుద్దినట్టే. అలాంటిదానికి సగం ధరే.

వరంగల్_వీరుడు
బాబాయ్ చెప్పినదాంట్ల ఒకటి కలుపుత. మోసిన్‌కి మూతి లోపల కొంచెం డ్రిల్లు చేసి వెడల్పు చేసిన్రు గన్క అనిపిస్తే భయపడొద్దు. దాన్ని కౌంటర్‌బోర్ అంటరు, అరిగిన మూతిని రష్యా ఆర్మరీలల్లనే గట్ల బాగుచేసిన్రు. గట్లాంటి దాంట్ల బుల్లెట్ పరీక్ష పని చెయ్యదు, లోపలికి పోతది. చూడక "అరిగింది" అని వదిలిపెట్టిన వాళ్ళు శానా మంది.

నాగాంత్_నారాయణ
సరిగ్గా చెప్పారు వీరుడు గారు. ఇంకొకటి. యుద్ధం తర్వాత సోవియట్ ఆర్మరీలు లక్షల రైఫిళ్ళని విప్పి, బాగు చేసి, కర్రకి ఎర్రటి షెల్లాక్ పూసి గ్రీజులో పెట్టాయి. అప్పుడు బోల్టు, ఫ్లోర్‌ప్లేట్, బట్ ప్లేట్ మీద పాత నంబరు కొట్టేసి బారెల్ మీది నంబరు కొత్తగా వేశారు. కాబట్టి "అన్ని నంబర్లూ కలిశాయి" అని షాపువాడు ఎక్కువ అడిగితే, పాత నంబరు మీద గీత ఉందా, అంకెల ఆకారం వేరుగా ఉందా చూడండి. తప్పేం లేదు, కానీ ఫ్యాక్టరీ నంబర్ల ధర మాత్రం దానికి ఇవ్వకండి.

ముద్రల సంగతి: త్రిభుజంలో బాణం అయితే ఇజెవ్స్క్, నక్షత్రం అయితే తూలా. చదరపు డబ్బాలో ఎస్‌ఏ అని ఉంటే ఫిన్లాండ్ సైన్యంది. అది కనిపిస్తే ఆగండి, దాని ధరా వేరు, విలువా వేరు.

ఈశాపూర్_303
ఇంతమంది తెలుగువాళ్ళు ఉండి ఒక్కరూ ఈశాపూర్ పేరు ఎత్తలేదేం? పశ్చిమ బెంగాల్ రైఫిల్ ఫ్యాక్టరీలో చేసిన లీ ఎన్‌ఫీల్డ్‌లు అమెరికాలో బాగానే దొరుకుతాయి. స్వాతంత్ర్యానికి ముందువాటి మీద కిరీటం, కింద జీఆర్‌ఐ అని ఉంటుంది. తర్వాత వాటి మీద అశోక సింహాలు. మన పోలీస్ స్టేషన్లలో మనందరం చూసిన 303 ఇదే కుటుంబం. ఉత్తరప్రదేశ్ పోలీసులైతే 2020 రిపబ్లిక్ డే పరేడ్ దాకా వాడారు. ఇండియాలో 303 నిషిద్ధ బోర్, మామూలు మనిషికి లైసెన్స్ రాదు. అందుకని మన దేశపు రైఫిల్‌ని మనం చట్టబద్ధంగా సేకరించగలిగింది ఇక్కడే. నాకైతే మొదటిది అదే అయి ఉండాలనిపిస్తుంది.

గోదావరి_గురి
భావం బాగుంది ఈశాపూర్ గారూ, కానీ 303 తూటా 54ఆర్ కంటే ఖరీదు.

ఈశాపూర్_303
అందుకే ఈశాపూర్ 2ఏ1 మోడల్ అంటాను. 1962 చైనా యుద్ధం తర్వాత అదే పాత నంబర్ 1 (303 లీ ఎన్‌ఫీల్డ్) ఆకారంలో, మెరుగైన ఉక్కుతో, 7.62 నాటో తూటాకి చేశారు. నలుచదరపు మ్యాగజైన్ చూస్తేనే తెలిసిపోతుంది. వెనక సైట్ ముందు వచ్చిన 2ఏ మీద 2000 దాకా ఉంటే 2ఏ1 మీద 800 మీటర్లకి తగ్గించారు. నాటో తూటా ప్రతి ఊళ్ళో దొరుకుతుంది, పైగా తుప్పు పట్టించని ప్రైమర్ (తూటా అడుగున మందుని అంటించే చిన్న టోపీ).

కొనేముందు చూడాల్సినవి: మ్యాగజైన్‌కి ముందు, బారెల్ కింది కర్ర గుండా అడ్డంగా ఒక స్క్రూ ఉంటుంది. ఇండియన్ ఆర్మరీ కర్ర పగలకుండా వేసిన బిగింపు అది, ఎవరో చెడగొట్టింది కాదు. కొన్నింటి స్టాక్‌కి నల్ల పెయింట్ ఉంటుంది, అది కూడా అసలుదే, గీకొద్దు. ముందు కర్ర చుట్టూ రాగి రంగు తీగ చుట్టి ఉంటే గ్రెనేడ్ విసరడానికి వాడినది. దాన్ని చూడటానికి కొనుక్కోండి గానీ కాల్చడానికి వద్దు. రిసీవర్ మీద గ్రెనేడ్ దెబ్బలు ఎన్ని పడ్డాయో ఎవరూ చెప్పలేరు.

పల్నాడు_పౌడర్
2ఏ1 లో 308 కమర్షియల్ తూటా (నాటో తూటాకి జోడీ, పౌరులకి అమ్మేది) వేయొచ్చా అన్న గొడవ ఇక్కడ మొదలుపెట్టకముందే చెప్తున్నా. నాటో చాంబర్ కొలత కమర్షియల్ 308 కంటే కొంచెం పొడుగ్గా ఉండొచ్చు, 308 ఇత్తడి గోడ పలచగా ఉంటుంది. పొడుగు చాంబర్‌లో ఆ ఇత్తడి సాగి, మొదలు దగ్గర ఉంగరంలా పలచబడుతుంది. నాటో తూటా దొరుకుతుంటే నాటోనే వాడండి.

అన్ని లీ ఎన్‌ఫీల్డ్‌లకీ ఇదే తంతు. లాక్ అయ్యే పళ్ళు బోల్టు వెనక ఉంటాయి, చాంబర్ కూడా ఉదారంగా కోశారు. కాల్చిన ఖాళీ గుల్ల తీసి, పేపర్ క్లిప్ చివర గోరులా వంచి లోపల మొదలు దగ్గర గీకి చూడండి. గాడి తగిలితే ఆ గుల్ల పారేయాలి, మళ్ళీ నింపకూడదు. 303 కి గో గేజ్ (దీని మీద బోల్టు మూసుకోవాలి) 0.064 అంగుళం, ఫీల్డ్ గేజ్ 0.074. ఫీల్డ్ గేజ్ మీద బోల్టు మూసుకుంటే ఆ రైఫిల్ కాల్చొద్దు. నంబర్ 4 (లీ ఎన్‌ఫీల్డ్‌లో తర్వాతి మోడల్) కి బోల్టు తల మార్చి సరి చేయొచ్చు, 0 నుంచి 3 దాకా అంకెలతో వేర్వేరు పొడవుల్లో తలలు ఉంటాయి. 3 అన్న అంకె ముందే ఉంటే ఇక మార్చడానికి ఏమీ మిగల్లేదని అర్థం.

కే31_కళ
నంబర్ 4 అంటే ఒకటి గుర్తొచ్చింది. మార్క్ 1 అని చూసి, పక్కన నక్షత్రం గుర్తు (*) ఉందో లేదో చూడండి. ఆ గుర్తున్నవి కెనడా లాంగ్ బ్రాంచ్, అమెరికా సావేజ్ ఫ్యాక్టరీలవి. వాటిలో బోల్టు తల జారి బయటికి రావడానికి పట్టాలోనే (తల జారే దారిలోనే) గంటు కోశారు. ఆ గంటు మూల విరిగి ఉంటే బోల్టు వెనక్కి లాగినప్పుడు తల పట్టా నుంచి ఎగిరిపోతుంది. బోల్టు వెనక్కి లాగి, వేలితో తలని పైకి తట్టి చూడాలి. సావేజ్ వాటి మీద యూఎస్ ప్రాపర్టీ అని ఉంటుంది, లెండ్ లీజ్ (యుద్ధకాలపు సాయం పథకం) కింద బ్రిటన్‌కి పంపినవి.

నా ఓటు మాత్రం స్విస్ కే31 కే. బోల్టు తిప్పక్కర్లేదు, నేరుగా లాగి తోయడమే. మందుగుండు శుభ్రం, దాని జీపీ11 తూటా తుప్పు పట్టించదు. కాబట్టి బోర్లు అద్దంలా ఉంటాయి. వెనక బట్ ప్లేట్ విప్పితే కొన్నిట్లో కాగితం చీటీ, ఆ సైనికుడి పేరూ ఊరూ ఉంటాయి. అది దొరికితే మాత్రం పైకి పోస్టు చేయకండి, వాళ్ళ మనవలు ఇంకా ఆ ఊళ్ళోనే ఉండొచ్చు.

గోదావరి_గురి
కే31 మీద ఎవరికీ అభ్యంతరం లేదు. 600 లో రాదు, అదే బాధ. మంచిది 700 పైనే.

కొత్త_కలెక్టర్
చాలా ఉపయోగపడింది. ఇటలీ కార్కానో 250 కే కనపడుతోంది కదా, అది ఎందుకు ఎవరూ చెప్పలేదు? అదీ సైనిక రైఫిలే కదా.

వరంగల్_వీరుడు
కార్కానో తీస్కోవచ్చు, గని ఏది తీస్కుంటున్నవో జర చూస్కో. ఈమధ్య ఇథియోపియా నుంచి వచ్చినవి ఎక్కువ. దశాబ్దాలు గోదాంలల్ల పడి ఉన్నయి, కర్ర చీలికలు, బోర్‌ల తుప్పు. ఫొటో చూసి ఆన్‌లైన్ల కొంటే అదృష్టం మీద ఆధారపడినట్టే. చేతితో పట్టి చూసి తీస్కో.

6.5 కార్కానో బుల్లెట్ మామూలు 6.5 అనుకుంటరు. కాదు. దీని బుల్లెట్ 0.268 అంగుళం, మిగతా 6.5 లన్నీ 0.264. సన్నది కాలిస్తే పక్కలకి పోతది, "కార్కానో గురి లేదు" అన్న అపవాదు సగం దీనివల్లనే. ఇంకా ఆరు తూటాలు పట్టే రేకు క్లిప్ లేకుంటే మ్యాగజైన్ పని చెయ్యది, ఒక్కో రౌండే వెయ్యాలె. క్లిప్‌లు రెండు మూడు రైఫిల్ తోనే అడుగు.

కాస్మోలిన్_కామేశ్
వీరుడు గారికి ఒకటి జోడింపు. పాత 1891 పొడుగు కార్కానోలకి లోపలి గాళ్ళ మెలిక మొదట నిదానంగా ఉండి మూతి వైపుకి బిగుసుకుంటుంది. తర్వాత కొన్నిటిని మూతి వైపు కోసి కార్బైన్లు చేశారు. అంటే బిగువు మెలిక ఉన్న భాగమే పోయింది. అలాంటిది పొడుగు బుల్లెట్‌ని సరిగా తిప్పలేదు. మొదటి నుంచీ పొట్టిగానే చేసిన 91/38 కార్బైన్ మేలు.

గోదావరి_గురి
ఇప్పుడు నా ఎం48 సంగతి. చూశారుగా, అన్నిటికీ ఏదో ఒక మెలిక ఉంది. ఎం48 కి తక్కువ. యుద్ధం తర్వాత సెర్బియాలోని క్రాగుయెవాట్స్‌లో చేశారు, చాలావరకు సైన్యం వాడకుండానే గ్రీజులో పెట్టింది. రిసీవర్ మీద యుగోస్లావియా చిహ్నం, మంటల కాగడాలు. ఎం48 లో కింది ఫ్లోర్‌ప్లేట్ మిల్లు చేసిన ఇనుము, ఎం48ఏ లో రేకు నొక్కి చేసినది. కాల్చడానికి తేడా లేదు, ధరలో యాభై డాలర్ల దాకా తేడా. ఏమీ ముద్రలు లేకుండా బీఓ అనేవి కూడా ఉన్నాయి, వేరే దేశాలకి అమ్మడానికి చేసినవి.

ఒక్క జాగ్రత్త. చూడ్డానికి జర్మన్ కే98కే లా ఉంటుంది, యాక్షన్ మాత్రం దాని కంటే కొంచెం పొట్టి. జర్మన్ బోల్టు దీనికి పట్టదు. విడిభాగాలు కొనేటప్పుడు యుగో అని చూసే కొనండి.

పల్నాడు_పౌడర్
8 మిల్లీమీటర్ మౌజర్ తూటా కొనేటప్పుడు ఒక సంగతి. అమెరికా కంపెనీల డబ్బాలు కావాలనే బలం తగ్గించి నింపుతాయి. కారణం 1888 నాటి సన్న బోర్ జర్మన్ రైఫిల్లో ఎవరైనా వేస్తారేమోనని. ప్రివి పార్టిజాన్ లాంటి యూరప్ డబ్బాలు పూర్తి బలంతో ఉంటాయి, సైట్లు వాటికే సరిపోతాయి. పాత టర్కీ సర్‌ప్లస్ తూటాలు కొనకండి, మెడ పగిలినవి, ఒత్తిడి ఎక్కువగా ఉన్నవి తగులుతున్నాయి. యుగో 1950ల తూటా మంచిదే, కానీ తుప్పు పట్టించే ప్రైమర్.

కొత్త_కలెక్టర్
తుప్పు పట్టించే ప్రైమర్ అంటే తర్వాత అమ్మోనియా కలిపిన క్లీనర్‌తో తుడవాలని చదివాను. నిజమేనా?

కాస్మోలిన్_కామేశ్
ఇది పాత అపోహ. పాత ప్రైమర్లో పొటాషియం క్లోరేట్ ఉంటుంది. కాలిస్తే పొటాషియం క్లోరైడ్ మిగులుతుంది, అంటే ఉప్పు లాంటిదే. గాలిలో తేమ లాగి ఒక్క రాత్రిలో తుప్పు తెస్తుంది. ఉప్పుని అమ్మోనియా ఏమీ చేయదు. అందులో ఉన్న నీళ్ళే కరిగిస్తాయి. కాబట్టి నీళ్ళే వాడండి.

రేంజ్‌లోనే రెండు తడి ప్యాచ్‌లు తోయండి. ఇంటికొచ్చాక బోల్టు తీసి, చాంబర్ వైపు గరాటు పెట్టి, మరిగిన నీళ్ళు రెండు మూడు చెంబులు మూతి దాకా పోయండి. నీళ్ళు కర్ర సందుల్లోకి పోకుండా గుడ్డ కట్టండి. వేడికి బారెల్ తనంతట తనే ఆరుతుంది. బోల్టు ముఖం, ఫైరింగ్ పిన్ (ప్రైమర్‌ని కొట్టే సూది) రంధ్రం కూడా వేడి నీళ్ళలో. తర్వాత రెండు పొడి ప్యాచ్‌లు, ఆ పైన నూనె ప్యాచ్. మర్నాడు ఇంకో ప్యాచ్ తోసి చూడండి. గోధుమ రంగు వస్తే మళ్ళీ మొదటి నుంచి. నూనె మాత్రమే రాసి పెడితే ఉప్పు దాని కిందే కూర్చుని తినేస్తుంది.

నాగాంత్_నారాయణ
కామేశ్ గారు ఉన్నారు కాబట్టి గ్రీజు సంగతి కూడా చెప్పమనండి. సగం బోల్టు పట్టేసే గోలలు దానివల్లే.

కాస్మోలిన్_కామేశ్
కాస్మోలిన్ అంటే గోధుమ రంగు జిగురు గ్రీజు. ఇనుప భాగాలకి మినరల్ స్పిరిట్స్ (పెయింట్ పలచన చేసే ద్రావకం), పాత టూత్ బ్రష్ చాలు. కర్రకి మాత్రం ద్రావకం వద్దు. టెక్సస్ ఎండాకాలంలో స్టాక్ ఒక్కదాన్నే నల్ల చెత్త సంచిలో చుట్టి కారులో అద్దాలు మూసి రెండు గంటలు పెట్టండి. చెమట పట్టినట్టు గ్రీజు బయటికి వస్తుంది. తుడవండి, మళ్ళీ పెట్టండి. నాలుగైదు సార్లు పడుతుంది. తర్వాత పలచగా అవిసె నూనె. ఆ నూనె గుడ్డలు ఉండ చుట్టి చెత్తబుట్టలో పడేయకండి, వాటంతటవే అంటుకుంటాయి. ఆరుబయట విడివిడిగా పరిచి ఎండబెట్టాకే పారేయండి.

బోల్టు పట్టేయడం: షాపులో చల్లగా ఉన్నప్పుడు బాగానే తిరుగుతుంది. పది రౌండ్లు కాల్చాక చాంబర్ వేడెక్కి, మూలల్లో మిగిలిన గ్రీజు కరిగి గుల్లని పట్టుకుంటుంది. కంచు బ్రష్, బోర్‌కంటే పెద్దది, డ్రిల్లుకి బిగించి నిదానంగా చాంబర్ ఒక్కటే మినరల్ స్పిరిట్స్‌తో తిప్పండి. ఇసుక కాగితం చాంబర్లోకి వెళ్ళకూడదు.

బోల్ట్_బాబాయ్
మోసిన్ బోల్టు విప్పి శుభ్రం చేసేవాళ్ళకి: పిన్ ఎంత బయటికి వస్తోందో మళ్ళీ కొలవాలి. రష్యన్ టూల్ మీద 75, 95 అని రెండు గాట్లు. 75 గాటుకి పిన్ తగలాలి, 95 గాటు కింద తగలకుండా పోవాలి. అంటే సుమారు 1.9 నుంచి 2.4 మిల్లీమీటర్ల మధ్య. ఎక్కువైతే ప్రైమర్‌కి చిల్లు పడి వేడి గాలి కళ్ళ మీదికి వస్తుంది. తక్కువైతే పేలదు. పాత యజమాని ఇష్టమొచ్చినట్టు బిగించి ఉంటాడు, కొన్న రోజే చూసుకో. కళ్ళద్దాలు లేకుండా ఏ పాత రైఫిలూ కాల్చకు.

ఇంకో మాట. ట్రిగ్గర్ నొక్కితే పేలలేదనుకో, వెంటనే బోల్టు తెరవకు. మూతి ముందుకే పెట్టి 30 సెకన్లు ఆగు. పాత పాకిస్తాన్ 303 తూటాలు ఆలస్యంగా పేలడంలో పేరుమోసినవి.

వరంగల్_వీరుడు
మోసిన్ గురి గురించి. 91/30 సైట్లు బయొనెట్ పెట్టి సరిచేసినవి. బయొనెట్ లేకుంటే దెబ్బ పక్కకి, ఎక్కువగ పైకి పోతది. కొత్తోళ్ళు రైఫిల్ ఖరాబని అమ్మేస్తరు. ముందటి సైట్ పిన్నుకి ఎలక్ట్రికల్ వైర్లకి తొడిగే హీట్ ష్రింక్ గొట్టం తొడుగు, ఎత్తు పెరుగుతది, దెబ్బ కిందికొస్తది. లెక్క గిది: 100 గజాలల్ల ఆరంగుళాలు పైకి పోతుంటే ఎత్తు ఒక మిల్లీమీటర్ పెంచాలె. సైట్ల మధ్య దూరం 622 మిల్లీమీటర్లు గనక గంతే వస్తది. ఇనుముని రాకి పాడు చేయకు.

న్యూజెర్సీ_సత్తి
అమెరికా సైన్యపు స్ప్రింగ్‌ఫీల్డ్ 1903 కూడా కొన్నిచోట్ల ఈ బడ్జెట్‌కి దగ్గర్లో కనిపిస్తుంది, ముఖ్యంగా స్టాక్ కోసి వేటకి మార్చినవి. రిసీవర్ నంబరు చూడకుండా కొనొద్దు. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీవి 8,00,000 లోపు, రాక్ ఐలాండ్‌వి 2,85,507 లోపు ఉంటే వేడి చేసే పద్ధతి లోపం వల్ల ఉక్కు పెళుసు. అవి చూడటానికే. ఎం1 గారండ్ సీఎంపీ (సైన్యం మిగులు రైఫిళ్ళు అమ్మే సంస్థ) దగ్గర కొందామంటే, వాళ్ళు చట్టం ప్రకారం అమెరికా పౌరులకే అమ్మాలి. గ్రీన్ కార్డ్ చాలదు. పౌరసత్వం వచ్చాక చూడండి.

కే31_కళ
కొత్త_కలెక్టర్, ఇది అలవాటవుతుందనిపిస్తే సీ అండ్ ఆర్ లైసెన్స్ (పాత తుపాకులు సేకరించేవాళ్ళది) గురించి కూడా చదవండి. ఫెడరల్ టైప్ 03, మూడేళ్ళకి 30 డాలర్లు. వయసు 21 ఉండాలి. 50 ఏళ్ళు దాటిన, మార్పులు చేయని తుపాకీ వేరే రాష్ట్రం నుంచి నేరుగా మీ ఇంటికే తెప్పించుకోవచ్చు. కొన్న ప్రతిదీ, అమ్మిన ప్రతిదీ పుస్తకంలో రాయాలి, ఆ పుస్తకం తనిఖీకి అడిగితే చూపించాలి. దాంతో వ్యాపారం చేయకూడదు. స్టాక్ కోసినవి, బారెల్ మార్చినవి ఆ లెక్కలోకి రావు.

కొత్త_కలెక్టర్
నిన్న గన్ షోలో బాబాయ్ వరస పట్టుకుని చూశాను. మోసిన్ వదిలేశా, బుల్లెట్ దాదాపు మొత్తం దిగిపోయింది, కౌంటర్‌బోర్ కూడా లేదు. ఒక టేబుల్ మీద ఎం48ఏ, 490. రిసీవర్, బోల్టు, స్టాక్ ఒకే నంబరు. చెక్క గ్రీజుతో జిడ్డుగా ఉంది, కానీ రుద్దలేదు. క్రౌన్ గుండ్రంగా ఉంది. బోర్‌లో గాళ్ళు పదునే, చాంబర్ ముందు భాగం మాత్రం గోధుమ రంగు మసక. ప్యాచ్ తోయనిచ్చాడు, గోధుమ జిగురు వచ్చింది. అతను డీలరే, 4473 నింపాలి. తీసుకోవచ్చా?

గోదావరి_గురి
తీసుకోండి. ఆ మసక కాస్మోలినే. తుప్పైతే ప్యాచ్ మీద ఎర్రటి పొడి వచ్చేది, జిగురు రాదు.

బోల్ట్_బాబాయ్
460 అడుగు. గ్రీజు శుభ్రం చేయాలి, ఎలాగూ పని ఉంది అని చెప్పు. నగదు చూపించు. 475 దగ్గర ఆగుతాడు.

పల్నాడు_పౌడర్
లెక్క చూసుకోండి. 490 మీద 8.25 శాతం పన్ను వేస్తే 530. ప్రివి రెండు డబ్బాలు, 40 రౌండ్లు, 60 దాకా. 590 అయిపోయింది. క్లీనింగ్ రాడ్, కళ్ళద్దాలు, చెవి మఫ్‌లు ఇంకా కొనలేదు. బాబాయ్ చెప్పినట్టు బేరం ఆడాల్సిందే. రాడ్ మాత్రం ముక్కలు బిగించేది కొనకండి, అతుకుల అంచులు మూతిని గీకుతాయి. ఒకే కడ్డీ, పూత పూసినది, చాంబర్ వైపు నుంచే తోయాలి. మౌజర్ కదా, బోల్టు తీస్తే దారి నేరుగా ఉంటుంది.

కొత్త_కలెక్టర్
470 కి ఇచ్చాడు. బ్యాక్‌గ్రౌండ్ చెక్ పది నిమిషాల్లో అయింది. నంబర్లన్నీ కలిశాయి కదా, హెడ్‌స్పేస్ గేజ్ ఇంకా అవసరమా?

బోల్ట్_బాబాయ్
అవసరమే. నంబర్లు కలవడం వేరు, చాంబర్ కొలత వేరు. ఊళ్ళో తుపాకీ మెకానిక్ ఎవరైనా పది నిమిషాల్లో గో, నో గో (దీని మీద బోల్టు మూసుకోకూడదు) పెట్టి చూస్తాడు. ముందు చాంబర్ గ్రీజు పూర్తిగా తీసి తీసుకెళ్ళు. గ్రీజు ఉంటే గో గేజ్ మీద కూడా బోల్టు మూసుకోదు, అనవసరంగా భయపడతావు. ఎక్స్‌ట్రాక్టర్ (గుల్లని బయటికి లాగే కొక్కెం), గేజ్ అంచుకి తట్టుకోకుండా బోల్టు ముఖం కింద నుంచి జార్చి పెట్టమను, వేలి బలంతోనే మూయాలి.

కాస్మోలిన్_కామేశ్
ఈ వారం డాలస్‌లో 98 డిగ్రీల ఫారెన్‌హీట్. నల్ల సంచి రెడీ చేసుకోండి. యాక్షన్ విప్పేటప్పుడు కింద రెండు పెద్ద స్క్రూలు, ముందుది పొట్టి, వెనకది పొడుగు. కలిపేయకుండా విడివిడిగా కాగితంలో చుట్టి పేరు రాసి పెట్టండి. స్క్రూ గాడిలో గ్రీజు గోరుతో తీసి, గాడి నిండా పట్టే వెడల్పు స్క్రూడ్రైవర్ మాత్రమే వాడండి.